అతికించినప్పుడు అక్షరాలే రావాలి: వర్డ్‌లో కట్, కాపీ, పేస్ట్‌లను మీ పనికి తగ్గట్టు దిద్దుకోవడం

మూడేళ్ల కిందట మా బడి పూర్వ విద్యార్థుల సంచికను కూర్చే పని నా చేతికి వచ్చింది. ముప్ఫైకి పైగా రచనలు. కొన్ని వాట్సాప్‌లో వచ్చాయి, కొన్ని ఈమెయిల్‌లో. కొన్ని ఫేస్‌బుక్‌లో ఎప్పుడో రాసుకున్నవి. రెండు మాత్రం డీటీపీ సెంటర్‌లో అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో కొట్టించిన ఫైళ్లు. అన్నింటినీ ఒకే వర్డ్ ఫైలులోకి కాపీ చేసి, పేస్ట్ చేస్తూ పోయాను. సాయంత్రానికి ఆ ఫైలులో ఐదారు రకాల అక్షరాలు, పేరాకో రకంగా పంక్తుల మధ్య ఎడం, ఒకచోట అక్షరాల వెనుక బూడిద రంగు పట్టీ, మరోచోట నీలి గీతలతో లింకులు కనిపించాయి. వాటిని ఒక్కొక్కటిగా సరిచేయడానికి నాలుగు రాత్రులు పట్టింది. రాసినవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. పేస్ట్ ఎలా చేయాలో వర్డ్‌కు ముందే చెప్పి ఉంటే ఆ నాలుగు రాత్రులూ రచనలు శ్రద్ధగా చదవడానికి మిగిలేవి.

ఆ చెప్పడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. విండోస్ కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడేవారిని దృష్టిలో పెట్టుకున్నాను. వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాము లిబ్రెఆఫీస్ వాడేవారికి అవసరమైన సంగతి చివరికి వస్తుంది. మెనూల పేర్లను ఇంగ్లీషు వర్డ్‌లో కనిపించే వరుసలోనే, తెలుగు లిపిలో ఇస్తున్నాను.

కాపీ చేస్తే నిజంగా ఏం వస్తుంది?

కట్, పేస్ట్ అనే మాటలు కత్తెర, జిగురు కాలం నాటివి. వ్యాసంలో పేరాల వరుస మార్చాలంటే కాగితాన్ని కత్తిరించి ఇంకో కాగితం మీద అంటించేవారు. 1970ల మధ్యలో అమెరికాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే, రాతలు దిద్దే ప్రోగ్రామును తయారుచేసినప్పుడు ఆ పనినే తెర మీదికి తెచ్చారు. కాగితం ముక్కను అంటిస్తే దాని సిరా, దాని చేతిరాత కూడా వెంట వస్తాయి కదా. వర్డ్ ఇప్పటికీ కొంతవరకు అలాగే ప్రవర్తిస్తుంది.

మీరు ఒక వెబ్ పేజీలోంచి పేరాను కాపీ చేసినప్పుడు క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసినదాన్ని కంప్యూటర్ తాత్కాలికంగా దాచే చోటులోకి, ఒకే సరుకు రెండు మూడు వేషాల్లో చేరుతుంది. ఉత్త అక్షరాలుగా ఒకటి, ఫాంటు, సైజు, రంగు, లింకులతో సహా మరొకటి. నోట్‌ప్యాడ్‌కు ఉత్త అక్షరాలు చాలు కాబట్టి అది మొదటిదాన్ని తీసుకుంటుంది. వర్డ్ రెండోదాన్ని ఎంచుకుంటుంది. చాలామంది ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, అక్కడి నుంచి మళ్లీ కాపీ చేసి వర్డ్‌లోకి తెస్తారు. మురికి వదిలించడానికి ఆ పద్ధతి పనికొస్తుంది. కాని ప్రతిసారీ రెండు పనులు అక్కర్లేదు. వర్డ్‌కే ఆ అలవాటు నేర్పవచ్చు.

ముందు అక్షరాలు దిగే చోటును సిద్ధం చేయండి

అక్షరాలు మాత్రమే రమ్మంటే అవి మీ ఫైలులోని రూపాన్ని తొడుక్కుంటాయి. కాబట్టి మీ ఫైలులో ఆ రూపం ముందే సరిగ్గా ఉండాలి. తెలుగులో రాసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వర్డ్ ఒక్కో అక్షరానికి రెండు ఫాంట్లు గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాలకు ఒకటి, తెలుగు వంటి లిపులకు మరొకటి. ఈ రెండో దాన్ని వర్డ్ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అంటుంది. సైజులు కూడా విడివిడిగా ఉంటాయి. ఇంగ్లీషు 12, తెలుగు 11 అని ఉంటే ఒకే వాక్యంలో అక్షరాలు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. అది పేస్ట్ చేసిన తప్పు అని మనం అనుకుంటాం.

ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు భాషను చేర్చండి. వర్డ్‌ను మూసి తెరవండి. తర్వాత హోమ్ ట్యాబ్‌లో స్టైల్స్ దగ్గర నార్మల్ అనే పేరు మీద మౌసు కుడి బటన్ నొక్కి, మాడిఫై ఎంచుకోండి. కింద ఫార్మాట్ బటన్‌లో ఫాంట్ అని ఉంటుంది. తెరిస్తే పైన లాటిన్ టెక్స్ట్, దాని కింద కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని రెండు భాగాలు కనిపిస్తాయి. రెండో భాగంలో తెలుగు యూనికోడ్ ఫాంటు పెట్టండి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ చాలు. పుస్తకపు అందం కావాలంటే సిలికానాంధ్ర ఉచితంగా అందించిన మండలి వంటిది దించుకోండి. సైజు కూడా అక్కడే నిర్ణయించండి. బయటికి వచ్చేముందు, ఈ టెంప్లేట్‌తో మొదలయ్యే కొత్త ఫైళ్లన్నింటికీ వర్తించాలనే గుండ్రటి గడిని ఎంచుకుంటే రేపటి ఫైలుకు మళ్లీ ఈ పని ఉండదు.

అసలు మార్పు ఎక్కడ?

ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్. కొద్దిగా కిందికి జరిగితే కట్, కాపీ అండ్ పేస్ట్ అనే శీర్షిక కనిపిస్తుంది. దగ్గరి దారి కూడా ఉంది. హోమ్ ట్యాబ్‌లో పేస్ట్ బొమ్మ కింది బాణం నొక్కితే, చివర సెట్ డిఫాల్ట్ పేస్ట్ అని ఉంటుంది. అది నేరుగా ఇక్కడికే తెస్తుంది.

మొదట నాలుగు వరుసలు ఉంటాయి. ఒక్కోదాని పక్కన ఏం చేయాలో ఎంచుకునే గడి ఉంటుంది. కీప్ సోర్స్ ఫార్మాటింగ్ అంటే వచ్చిన చోటి రూపాన్ని అలాగే ఉంచు అని. మెర్జ్ ఫార్మాటింగ్ అంటే ఫాంటు ఇక్కడిది తీసుకో, రచయిత నొక్కిచెప్పిన బోల్డు, వాలు అక్షరాలను మాత్రం ఉంచు అని. కీప్ టెక్స్ట్ ఓన్లీ అంటే అక్షరాలు తప్ప ఏదీ వద్దని.

నాలుగింటిలో ముఖ్యమైనది నాలుగోది: పేస్టింగ్ ఫ్రమ్ అదర్ ప్రోగ్రామ్స్. బ్రౌజరు, ఈమెయిల్, వాట్సాప్ వంటి చోట్ల నుంచి వచ్చే సరుకంతా దీని పరిధిలోకి వస్తుంది. దీన్ని కీప్ టెక్స్ట్ ఓన్లీకి మార్చండి. మిగతావేవీ ముట్టుకోకపోయినా ఈ ఒక్క మార్పుతో సగానికి పైగా చిక్కులు పోతాయి.

ఒక వర్డ్ ఫైలు నుంచి మరో వర్డ్ ఫైలులోకి తెచ్చేటప్పటి వరుస, పేస్టింగ్ బిట్వీన్ డాక్యుమెంట్స్, దగ్గర మాత్రం నేను మెర్జ్ ఫార్మాటింగ్ పెడతాను. రచయిత శ్రద్ధగా వాలు అక్షరాల్లో పెట్టిన పుస్తకం పేరునో, బోల్డు చేసిన ఉపశీర్షికనో తుడిచేసే హక్కు కూర్పరికి లేదని నా నమ్మకం. అధోసూచికలున్న వ్యాసమైతే ఇంకా జాగ్రత్త కావాలి. కీప్ టెక్స్ట్ ఓన్లీతో తెస్తే ఆ సూచికలు రావు, పట్టికల గీతలు రావు, బొమ్మలు రావు. పద్యానికి ప్రతిపదార్థం ఇచ్చిన వ్యాసంలో కింది సూచికలు రాలేదని అచ్చయ్యాక తెలిస్తే దిద్దుకోవడానికి దారే ఉండదు.

ఒకే ఫైలులో ఇటునుంచి అటు జరిపే వరుసను, స్టైళ్లు ఢీకొన్నప్పటి వరుసను ఉన్నవి ఉన్నట్టే వదిలేయండి. అవి సరైనవే.

కింద కొన్ని టిక్ గడులు ఉంటాయి. జాబితాల అంకెలు, చుక్కలు కీప్ టెక్స్ట్ ఓన్లీలో కూడా రావాలనే గడిని టిక్ చేసి ఉంచండి. వంటల వరుసలూ సూచనల వరుసలూ అంకెలు పోగొట్టుకోకుండా వస్తాయి. ఇన్సర్ట్ కీతో పేస్ట్ చేసే గడి అక్కర్లేదు. తెలియకుండా వేలు తగిలితే ఎక్కడో ఏదో వచ్చి పడుతుంది. పేస్ట్ చేసిన వెంటనే చిన్న బటన్ చూపే గడి మాత్రం టిక్ చేసి ఉండాలి, దానితో పని ఉంది.

మిగిలింది స్మార్ట్ కట్ అండ్ పేస్ట్. దాని పక్కనున్న సెట్టింగ్స్ తెరిస్తే మొదటి గడి మాటల మధ్య ఖాళీలను తనంతట తానే సర్దుతానంటుంది. మాటలను విడివిడిగా రాసే ఇంగ్లీషుకు అది మంచి సాయం. మన భాషలో విభక్తి మాటకు అంటుకుని ఉంటుంది. లోని, కోసం, చేత, వల్ల వంటివాటిని ఒకచోట కత్తిరించి మరోచోట మాటకు అంటించడం తెలుగు దిద్దేవారికి రోజువారీ పని. మీరు అడగని ఖాళీ మధ్యలో చేరుతున్నదనిపిస్తే ఆ ఒక్క గడి టిక్ తీసేయండి. అదే అడ్వాన్స్‌డ్ పేజీలో పైన ఎడిటింగ్ ఆప్షన్స్ కింద మరో గడి ఉంది: ఎంచుకునేటప్పుడు మాట మొత్తాన్నీ తనంతట తానే పట్టుకునేది. దాని టిక్ తప్పక తీసేయండి. ఒక మాట చివరి ప్రత్యయం నుంచి పక్క మాట సగం వరకు మాత్రమే పట్టుకోవాలంటే అది అడ్డం వస్తుంది.

ఓకే నొక్కండి. ఇప్పుడు ఒక వార్తా వెబ్‌సైటు నుంచి రెండు పేరాలు కాపీ చేసి పేస్ట్ చేసి చూడండి. మీ ఫాంటులో, మీ సైజులో వచ్చి కూర్చోవాలి.

ఒక్కసారికి మాత్రం వేరేలా కావాలంటే

పేస్ట్ చేసిన వెంటనే కంట్రోల్ కీని ఒకసారి నొక్కి వదలండి. ఆ చిన్న బటన్ తెరుచుకుంటుంది. అప్పుడు టీ నొక్కితే అక్షరాలు మాత్రమే, ఎం నొక్కితే మెర్జ్, కే నొక్కితే వచ్చిన రూపం. మౌసు ముట్టుకోకుండా మనసు మార్చుకోవచ్చు. రోజంతా పేస్ట్ చేసేవారి మణికట్టుకు ఇది పెద్ద ఊరట.

కొత్త వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, వీ మూడూ కలిపి నొక్కితే అక్షరాలు మాత్రమే వస్తాయి. గూగుల్ డాక్స్‌లోనూ అంతే. పాత వర్డ్‌లో ఆ మూడు కీలకు వేరే పని ఉండేది, అవి ఫార్మాటింగ్‌ను అతికించేవి. మీది పాతదైతే ఆ పనిని మీరే కేటాయించుకోవచ్చు. ఆప్షన్స్‌లో కస్టమైజ్ రిబ్బన్ తెరవండి. కింద కీబోర్డ్ షార్ట్‌కట్స్ పక్కన కస్టమైజ్ బటన్ ఉంటుంది. ఎడమవైపు జాబితాలో ఆల్ కమాండ్స్, కుడివైపు జాబితాలో పేస్ట్‌టెక్స్ట్‌ఓన్లీ ఎంచుకోండి. కొత్త కీల గడిలో మీకు నచ్చిన కీలు నొక్కి, అసైన్ చేయండి. ఆ కీలకు ముందే ఏదైనా పని ఉంటే అక్కడే చూపిస్తుంది. చూసి నిర్ణయించుకోండి.

అను ఫాంట్ల సంగతి

ఇది తెలుగువారికి మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది కాదు గాని, మన అచ్చు రంగంలో దీని బరువు ఎక్కువ. ఏళ్ల తరబడి మన పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో అను ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫైలు లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే ఉంటాయి. వాటికి తెలుగు రూపు తొడిగేది ఫాంటు. యూనికోడ్‌లో అలా కాదు, ఫాంటు ఏదైనా క అక్షరం క గానే ఉంటుంది.

ఇక్కడ మనం పెట్టుకున్న కొత్త అమరిక ఎదురు తిరుగుతుంది. అక్షరాలు మాత్రమే రమ్మంటే ఫాంటు ఊడిపోతుంది. ఫాంటు ఊడిపోతే అను రచనలో మిగిలేది అర్థంలేని గుర్తుల వరుస. మొదటిసారి చూసినప్పుడు రచన పాడైపోయిందని గుండె జారుతుంది. ఏమీ పోలేదు. కంట్రోల్, జెడ్ నొక్కి వెనక్కి వెళ్లండి.

వచ్చిన ఫైలు ఏ రకమో ముందే తెలుసుకోవడానికి ఒక పేరాను నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు కనిపిస్తే యూనికోడ్. గుర్తులు కనిపిస్తే పాత పద్ధతి. పాత పద్ధతి అయితే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి, అక్కడి నుంచి వచ్చినదాన్నే వర్డ్‌లోకి తేవాలి. మార్చిన తర్వాత కళ్లు పెట్టి చదవడం తప్పదు. వత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు, సంయుక్తాక్షరాలు ఉన్న మనుషుల పేర్లు ముఖ్యంగా చూడండి. రచయిత పేరులోనే వత్తు తప్పితే ఆ సంచికను ఆయన ఇంట్లో ఎవరికీ చూపించుకోలేరు.

వాట్సాప్, పీడీఎఫ్‌ల నుంచి తెచ్చేటప్పుడు

వాట్సాప్‌లో నాలుగైదు సందేశాలను ఒకేసారి ఎంచుకుని కాపీ చేస్తే ప్రతిదాని ముందు తేదీ, సమయం, పంపినవారి పేరు కూడా వస్తాయి. ఒక్కో సందేశాన్ని విడిగా కాపీ చేయడం మేలు. లేదా రచననంతా ఒకే సందేశంగా పంపమని ముందే అడగండి. బోల్డు చేసిన మాటల చుట్టూ నక్షత్రపు గుర్తులు కూడా వస్తుంటాయి. వాటిని వెతికి తీసేయాలి.

పీడీఎఫ్‌లో కథ వేరు. ప్రతి పంక్తి చివరా ఒక పేరా ముగింపు వచ్చి చేరుతుంది. హోమ్ ట్యాబ్‌లో, తిరగేసిన పీ ఆకారంలో ఉండే బటన్ నొక్కితే అవన్నీ బయటపడతాయి. కొత్తగా అతికించిన భాగాన్ని మాత్రమే ఎంచుకుని కంట్రోల్, హెచ్ నొక్కండి. మోర్ బటన్, ఆ తర్వాత స్పెషల్ బటన్, అందులో పారాగ్రాఫ్ మార్క్. నేరుగా వాటన్నింటినీ ఖాళీలుగా మార్చేస్తే నిజమైన పేరాలు కూడా కలిసిపోతాయి. అందుకే మూడు విడతల్లో చేయండి. పేరాల మధ్య ఖాళీ పంక్తి ఉంటే, వరుసగా రెండు పేరా గుర్తులున్న చోట్లను ముందు ## గా మార్చండి. తర్వాత ఒంటరి పేరా గుర్తులను ఒక ఖాళీగా మార్చండి. చివరికి ## ను తిరిగి పేరా గుర్తుగా మార్చండి. మిగతా ఫైలులో కూడా వెతకనా అని వర్డ్ అడిగితే ప్రతిసారీ వద్దనండి. వెబ్ పేజీల నుంచి వచ్చినవాటిలో పేరా గుర్తుకు బదులు మాన్యువల్ లైన్ బ్రేక్ ఉండవచ్చు. అదీ స్పెషల్ జాబితాలోనే ఉంది.

తెలుగు పీడీఎఫ్‌లలో చాలావాటి నుంచి అక్షరాలు ముక్కలుగా, వరుస తప్పి వస్తాయి. అలాంటప్పుడు దిద్దుతూ కూర్చోకండి, మూల ఫైలు అడగండి.

కట్‌కు ఉన్న రెండు మంచి దారులు

చిల్లర దుకాణాల్లో చీటీలు గుచ్చే ఇనుప చువ్వ చూసే ఉంటారు. వర్డ్‌లోనూ అలాంటిది ఒకటి ఉంది, పేరు స్పైక్. ఒక పేరాను ఎంచుకుని కంట్రోల్, ఎఫ్3 నొక్కితే అది కత్తిరించుకుపోయి చువ్వకు గుచ్చుకుంటుంది. మరోచోట మరో పేరా, ఇంకోచోట ఇంకోటి. అన్నీ వరుసగా చేరుతాయి. కావలసిన చోట కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 నొక్కితే మొత్తం ఆ వరుసలోనే దిగి, చువ్వ ఖాళీ అవుతుంది. ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా నొక్కాల్సి రావచ్చు. సంచికలో చెదిరి ఉన్న నివాళులన్నింటినీ ఒకచోటికి తేవడానికి నేను వాడింది ఇదే. కత్తిరించకుండా నకలు మాత్రమే కావాలంటే, గుచ్చిన వెంటనే కంట్రోల్, జెడ్ నొక్కండి. పేరా తన చోటికి తిరిగొస్తుంది, చువ్వ మీద నకలు ఉండిపోతుంది.

రెండోది ఎఫ్2. వాక్యాన్ని ఎంచుకుని ఎఫ్2 నొక్కి, వెళ్లాల్సిన చోట కర్సరు పెట్టి ఎంటర్ నొక్కితే వాక్యం అక్కడికి జరుగుతుంది. క్లిప్‌బోర్డులో అంతకుముందు ఉన్నది చెదరదు.

పాత కాపీలు పోకుండా

విండోస్ కీ, వీ కలిపి నొక్కితే క్లిప్‌బోర్డు చరిత్ర తెరుచుకుంటుంది. మొదటిసారి టర్న్ ఆన్ చేయాలి. 25 కాపీల వరకు దాచుతుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే, పిన్ చేసినవి తప్ప మిగతావి పోతాయి. తరచూ వాడే చిరునామా, సంచిక పేరు, సంపాదకవర్గం పేర్లు పిన్ చేసుకుంటే మళ్లీ కొట్టే పని ఉండదు. వర్డ్‌కు సొంతంగా మరో క్లిప్‌బోర్డు ఉంది, అది 24 వరకు దాచుతుంది. రెండూ ఒకేసారి అక్కర్లేదు. విండోస్‌ది అన్ని ప్రోగ్రాముల్లోనూ పనిచేస్తుంది కాబట్టి నా ఓటు దానికే.

లిబ్రెఆఫీస్ రైటర్ వాడుతుంటే పని ఇంకా తేలిక. టూల్స్, కస్టమైజ్, కీబోర్డ్ ట్యాబ్ తెరవండి. పైన జాబితాలో కంట్రోల్, వీ వరుసను ఎంచుకోండి. కింద ఎడిట్ వర్గంలో పేస్ట్ అన్‌ఫార్మాటెడ్ టెక్స్ట్‌ను పట్టుకుని అసైన్ చేయండి. ఇక మామూలు పేస్ట్ కీలే ఉత్త అక్షరాలు తెస్తాయి. అసలు పేస్ట్‌కు వేరే కీలు ఇచ్చుకోవడం మరవకండి.

ఈ అమరికలన్నీ మీ కంప్యూటర్‌కే పరిమితం. నెట్ సెంటర్‌లోనో, ఆఫీసులోనో కూర్చున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వీ గుర్తుంచుకోండి. అక్కడ క్లిప్‌బోర్డు చరిత్ర ఆన్ చేసి ఉంటే మీరు కాపీ చేసిన ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య తర్వాత కూర్చునేవారికి కనిపిస్తాయి. లేచేముందు విండోస్ కీ, వీ నొక్కి, క్లియర్ ఆల్ నొక్కండి.